ఇరవై క్రోనర్లకు ఎంత మందం?

మా దీవిలో కేకు ఎప్పటికీ అయిపోదు. పదిమంది కూర్చుని తిన్నా, యాభైమంది కూర్చుని తిన్నా చివరి ముక్క పళ్ళెంలో మిగిలే ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. కాసేపటికి ఒకావిడ "సగం తీసుకుంటానేం" అంటూ సగం కోసుకుంటుంది. మిగిలిన దాంట్లో సగం ఇంకొకాయన, అందులో సగం మరొకరు. ఆఖరికి గోరంత ముక్కతో పళ్ళెం వంటింట్లోకి వస్తుంది. ఆ పళ్ళెం కడిగేది నేను. నా పేరు రిగ్మోర్, ఊరి సభామందిరంలో వంట నాదే. ఏళ్ళ తరబడి ఆ గోరంత ముక్కల్ని చెత్తబుట్టలో వేసి వేసి నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని మర్యాద అంటారు వీళ్ళు. మర్యాదా పాడా! నలుగురూ చూస్తున్నారన్న భయం, అంతే.

ఎవరూ చూడనప్పుడు వీళ్ళేం చేస్తారో నాకు తెలుసు. నా ఇంటి కిటికీకి ఎదురుగా, రోడ్డు అవతల నా స్నేహితురాలు బోదిల్ బల్ల ఉంది. పైన రేకు కప్పు, బల్ల మీద సబ్బులు, పక్కన చిల్లు పెట్టిన డబ్బా. అమ్మే మనిషి ఉండదు. సబ్బు తీసుకుని, ఇరవై క్రోనర్ల బిళ్ళ డబ్బాలో వేసి పోవడమే. మా దగ్గర గుడ్లు, తేనె, బంగాళాదుంపలు అన్నీ ఇలా నమ్మకం మీదే అమ్ముడుపోతాయి. బిళ్ళ ఎగ్గొట్టేవాడు ఒక్కడూ లేడు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ సబ్బు ఎంచుకునే తీరు చూడాలి! ఈ చేతిలో ఒకటి, ఆ చేతిలో ఒకటి పట్టుకుని బరువు చూస్తారు. అడుగున ఉన్నది లాగుతారు. మళ్ళీ పెట్టేస్తారు. రోడ్డుకి అటూ ఇటూ చూసి, అన్నిటికంటే మందంగా ఉన్నదాన్ని జేబులో వేసుకుంటారు. చర్చిలో పాటల పుస్తకాలు పంచే పెద్దమనిషి కూడా ఇందుకు మినహాయింపు కాదు. అదే మనుషులు కేకు ముందు కూర్చుంటే సగంలో సగం.

డెన్మార్క్ పటంలో మా దీవి మీద వేలు పెడితే దీవి కనిపించదు, వేలే కనిపిస్తుంది. అంత చిన్న చోట బోదిల్ పుట్టింది, ఇక్కడే పెరిగింది, ఇక్కడే ముసలిదవుతోంది. చదువు అయిపోగానే మా డెయిరీలో చేరింది. పొద్దున తొట్లు కడగడం, మధ్యాహ్నం చీజ్ దిమ్మల్ని ముక్కలు కోయడం ఆమె పని. చీజ్ కోయడానికి ఒక చెక్క చట్రం ఉండేది. దానికి సన్నటి ఉక్కు తీగ, పక్కన వరసగా గాట్లు. ఏ గాటులో అడ్డుచెక్క పెడితే ముక్క అంత మందం వస్తుంది. బోదిల్ కోసిన ముక్కకీ ముక్కకీ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. నోట్లో నాలుక లేని మనిషి, చేతిలో మాత్రం తప్పు లేదు.

పెద్ద కంపెనీ మా డెయిరీని కొనేసి, ఒక శుక్రవారం మూసేసింది. మేనేజరు అందరికీ తలొక పూలగుత్తి ఇచ్చి చేతులు కలిపాడు. బోదిల్ తన వంతు వచ్చినప్పుడు పూలు తీసుకోలేదు.

"పూలు వద్దండీ. ఆ చట్రం ఇస్తే పట్టుకుపోతా," అంది.

ఆవిడ తన జన్మలో ఏదైనా కావాలని నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కసారే అనుకుంటాను. మేనేజరు ఇచ్చాడు. పారేసే సామానే కదా.

తొట్లు కడిగిన నీళ్ళకి ఆమె చేతులు బీటలు వారి ఉండేవి. ఆ చేతుల కోసమే సబ్బు చేయడం మొదలుపెట్టింది. కసాయి దగ్గర కొవ్వు, కొట్లో కొబ్బరినూనె, మా చేలల్లో పసుపుపచ్చగా పూసే ఆవజాతి పంట నూనె, కాస్టిక్ సోడా, గుప్పెడు ఓట్స్ పిండి. మొదటి రెండు వాయలూ రాళ్ళలా వచ్చాయి. మూడో వాయ కుదిరింది. చట్రం మీద కోసి, అటక మీద ఆరబెట్టి, ఒక ముక్క పడవ ఇంజన్ దగ్గర పనిచేసే ఫ్రోదెకి ఇచ్చింది. ఫ్రోదె చేతులు మోచేతుల దాకా నల్లటి నూనె. "బాగుంది గానీ పిల్లలకి ఇచ్చినట్టు ఇచ్చావు, నా చేతిలో నిలవట్లేదు," అన్నాడట. అయితే పిడికిలి చూపించమంది. అతని పిడికిలికి సరిపోయే గాటు వెతికి, ఆ మందంలో ఇంకో ముక్క కోసి ఇచ్చింది. ఊరికే తీసుకోవడం అతనికి నచ్చలేదు. జేబులో ఉన్న ఇరవై బిళ్ళ తీసి ఆమె తలుపు సందులోంచి లోపలికి పడేసి పోయాడు. అలా ఫ్రోదె పిడికిలి సబ్బు కొలత అయింది, ఫ్రోదె జేబులోని బిళ్ళ సబ్బు ధర అయింది. మరుసటి వేసవికి రోడ్డు మీద బల్ల వెలిసింది.

చాలా ఏళ్ళు అలాగే నడిచింది. తరవాత కరెంటు ధర పెరిగింది, కొబ్బరినూనె ధర పెరిగింది, సోడా ధర పెరిగింది. పడవ టికెట్టు పెరిగింది. రైతు టోర్కిల్ అమ్మే బంగాళాదుంపల సంచి ధర రెండింతలైంది, ఎవరూ కిమ్మనలేదు. సబ్బు మాత్రం ఇరవైయే. ఒకరోజు బోదిల్ మా ఇంటికి కాఫీకి వచ్చినప్పుడు నేను ఊరుకోలేకపోయాను.

"ముప్పై పెట్టవే బోదిల్."

"ముప్పైకి బిళ్ళ లేదుగా."

"ఇరవైది ఒకటి, పదిది ఒకటి వేస్తారు. వేళ్ళు అరిగిపోతాయా?"

"చిల్లర లేనివాళ్ళేం చేస్తారు?"

"పోనీ నలభై పెట్టు. రెండు బిళ్ళలు, లెక్క తేలిక."

"నలభయ్యా! బోదిల్ కళ్ళు నెత్తికెక్కాయి అనుకోరూ?"

"అందరిలాగా ఫోన్ నంబరు రాసి పెట్టు. ఫోన్లో ఎంతైనా వేయొచ్చు."

"ఫోన్లో వేస్తే పేరుతో సహా వస్తుంది, ఎవరు ఎంత వేశారో. ఎవడో ఒకడు తక్కువేశాడనుకో, రేపు పడవలో వాడి మొహం ఎలా చూడను?"

"తక్కువేసినవాడు వాడు. సిగ్గు నీకెందుకే?"

"ఏమో. నాకే సిగ్గేస్తుంది," అని కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది.

ఇదీ మా మనుషుల తీరు. నాకు ఇంత కావాలి అని ఎవరూ అనరు. అన్నవాణ్ణి మళ్ళీ మామూలు మనిషిగా చూడరు. చల్లకొచ్చి ముంత దాచడం మా రక్తంలోనే ఉంది. బోదిల్ బోర్డు మీద అంకె మార్చలేదు. ఇంటికి వెళ్ళి చట్రం మీద అడ్డుచెక్కని ఒక గాటు లోపలికి జరిపింది. సబ్బు కొంచెం పలచనైంది. బిళ్ళ అదే బిళ్ళ.

"అంకె మారిస్తే అందరికీ కనిపిస్తుంది. గాటు మారిస్తే ఎవరికి తెలుస్తుంది?" అంది, తనేదో ఉపకారం చేసినట్టు.

"తెలుస్తుందే పిచ్చిదానా. వీళ్ళు నీ సబ్బుని రెండు చేతుల్లో పెట్టి తూచే రకం," అన్నాను. వినలేదు.

నూనె ధర మళ్ళీ పెరిగింది. ఇంకో గాటు జరిగింది. ఆ ఏడు చలికాలానికి మూడో గాటు. అప్పటికి సబ్బు ఫ్రోదె పిడికిట్లో దాక్కునేంత పలచబడింది. తడిచేతిలో పట్టుకుంటే మధ్యకి విరిగేది. బోర్డు మీద మాత్రం, ఆమె గుండ్రటి అక్షరాల్లో, అదే ఇరవై.

ఇప్పుడు టోర్కిల్ గురించి. మా దీవిలో అందరికంటే పెద్ద బంగాళాదుంపల రైతు, సభామందిరానికి అధ్యక్షుడు, నవ్వించే మనిషి. అందరికీ అతనంటే ఇష్టం, నాకు తప్ప. మార్చిలో ఒక ఉదయం నేనూ బోదిల్ సహకార కొట్టుకి వెళ్ళాం. కౌంటర్ పక్కన ఉచిత కాఫీ పెడతారు, అక్కడ ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. బోదిల్ ఈస్టు కోసం లోపలి అరల వైపు వెళ్ళింది. నేను రొట్టెల దగ్గర ఉన్నాను. టోర్కిల్ జేబులోంచి రెండు సబ్బులు తీసి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టాడు.

"ఇదిగో, ఇది నా ట్రాక్టరు షెడ్డులో దొరికింది. ఎప్పుడో కొన్నది, వాడటం మరిచిపోయా. ఇది మొన్న కొన్నది. చూడండి తేడా!"

అందరూ వంగి చూశారు. పాతది ఎండి బిగుసుకుపోయి ఉంది, అయినా కొత్తదానికి రెండింతలుంది.

"హోటల్ గదుల్లో పెడతారే, ఆ సబ్బులా లేదూ?" అన్నాడు టోర్కిల్. "బోదిల్ హోటల్ పెట్టిందేమో, మనకి చెప్పనేలేదు!"

అందరూ నవ్వారు. ఒకామె "మనం గమనించమనుకుంది పాపం," అంది. ఆ పాపం అన్న మాట నా చెవిలో సీసం పోసినట్టయింది. నవ్వు ఆగేసరికి బోదిల్ ఈస్టు పొట్లం పట్టుకుని వాళ్ళ వెనకే నిలబడి ఉంది. అందరూ తేలు కుట్టిన దొంగల్లా కాఫీ కప్పుల్లోకి చూశారు. టోర్కిల్ రెండు సబ్బుల మీదా చెయ్యి పెట్టి మూసేశాడు.

"ఎండ కాస్తోంది ఇవాళ," అన్నాడు.

"అవును, బాగా కాస్తోంది," అంది బోదిల్. ఈస్టుకి డబ్బు ఇచ్చి బయటికి నడిచింది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ బంగాళాదుంపల సంచి రెండింతలైంది కదా, దాన్ని కూడా తెచ్చి కౌంటర్ మీద పెట్టు, చూస్తాం," అన్నాను.

"తమాషాకి అన్నాను రిగ్మోర్. నీకు ప్రతిదానికీ కోపమే."

"నువ్వు తమాషాకి అన్నావు, వీళ్ళు నిజంగా విన్నారు."

మా దీవిలో అరిచి గొడవపడే మనిషిని నేనొక్కదాన్నే, అందుకే నా మాటకి విలువ లేదు. రిగ్మోర్ మళ్ళీ మొదలుపెట్టింది అనుకుంటారు.

ఆ తరవాత ఎవరూ బోదిల్‌ని మోసగత్తె అనలేదు. అనరు. కానీ సైకిళ్ళు ఆమె బల్ల దగ్గర ఆగడం మానేశాయి. కార్లు నెమ్మదిగా వచ్చి, సబ్బుల వైపు ఓసారి చూసి, ముందుకి పోయేవి. నమ్మకం మీద నడిచే బల్లకి పేరు పోతే ఇంకేం మిగిలింది? డబ్బు సంగతి అలా ఉంచండి, ఆమెకి పెన్షన్ వస్తుంది, పస్తులుండదు. డెయిరీ పోయాక ఆ మనిషికి ఈ దీవిలో ఒక చోటంటూ ఉందంటే అది ఆ బల్ల. చలికాలంలో ఎవరి స్నానాల గదికి వెళ్ళినా ఆమె కోసిన ముక్క ఉండేది. ఇప్పుడు ఆ ముక్కని చూసి నవ్వుతున్నారు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే ఆవిడ స్టూలెక్కి బల్ల మీద రేకు విప్పుతోంది. గిన్నెలు అలాగే వదిలేసి, తడిచేతులతో రోడ్డు దాటాను.

"ఏం చేస్తున్నావే?"

"తీసేస్తున్నా. గాలికి తుప్పు పట్టింది."

"అబద్ధాలాడకు. దిగు ముందు."

దిగలేదు. మేకు పీకే సుత్తి పట్టుకుని పైనే నిలబడి అడిగింది. "నేను మోసం చేశానా రిగ్మోర్? నిజం చెప్పు."

"మోసం కాదు. పిరికితనం. ముప్పై అని రాయడానికి చెయ్యి రాక, దొంగచాటుగా గాటు జరిపావు. వాళ్ళు అడగడానికి నోరు రాక, చాటుగా నవ్వారు. దొందూ దొందే."

అంత మాట అనాల్సింది కాదేమో అనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆమె మెడ మీదినుంచి ఎరుపు చెంపల దాకా పాకడం చూశాను. ఇన్నేళ్ళ స్నేహంలో బోదిల్‌కి కోపం వచ్చిందని నాకు తెలిసింది ఆ రోజే. సుత్తిని బల్ల మీద విసిరికొట్టింది.

"పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా అందరి వీపులూ నా సబ్బుతోనే రుద్దుకున్నారు! ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు, బోదిల్, నూనె ధర పెరిగింది కదా, నీకు గిడుతోందా అని అడిగారా? నేను చెప్పలేదు, సరే. వాళ్ళకి కళ్ళు లేవా? పలచనైందని కనిపెట్టిన కళ్ళకి ఎందుకు పలచనైందో కనిపించలేదా?"

"ఇదంతా నాకెందుకు చెప్తావు? వాళ్ళకి చెప్పు."

స్టూలు దిగింది. "వచ్చే శుక్రవారం విందుకి కేకు ఏం చేస్తున్నావు?"

"యాపిల్ కేకు."

"చెయ్యకు. కేకు నేను తెస్తా."

నెలకోసారి సభామందిరంలో ఊరంతా కలిసి తింటాం. ఆ శుక్రవారం వేయించిన పందిమాంసం, కొత్తిమీర లాంటి ఆకు వేసిన తెల్ల సాసు, టోర్కిల్ చేలో బంగాళాదుంపలు వండాను. అందరూ కడుపునిండా తిన్నారు. పళ్ళేలు తీసేసి, కాఫీ పోశాను. అందరి కళ్ళూ వంటింటి తలుపు మీదున్నాయి, కేకు కోసం. బోదిల్ పెద్ద పళ్ళెం ఎత్తుకుని వచ్చింది, మీద తెల్లటి గుడ్డ. నేను వెనకాల డెయిరీ చట్రం మోసుకొచ్చాను. రెండూ నడిమి బల్ల మీద పెట్టాం. గుడ్డ తీస్తే పొడవాటి దిమ్మ, ఓట్స్ రంగులో.

"ఆహా! ఏం కేకు బోదిల్ ఇది?" అన్నాడు టోర్కిల్.

"సబ్బు. నిన్న పోశాను, ఇంకా కోయలేదు."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. బోదిల్ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.

"నా సబ్బు హోటల్ సబ్బులా ఉందని కొట్లో అన్నారు. నాకు కొలత తెలియదేమోనని ఆలోచించా. అందుకని ఇవాళ మీరే కోసుకోండి. ఇరవై క్రోనర్లకి ఎంత మందం రావాలో, ఎవరికి ఎంత న్యాయం అనిపిస్తే అంత. పూర్తిగా ఆరలేదు, సోడా చురుక్కుమంటుంది. రిగ్మోర్ గ్లౌజులిస్తుంది. రేపట్నుంచి మీరు కోసిందే నా కొలత."

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. టోర్కిల్ లేవక తప్పలేదు. గిన్నెలు తోముకునే పచ్చటి రబ్బరు గ్లౌజు ఇచ్చాను. అతని లావు వేళ్ళు దాంట్లో సగమే దూరాయి.

మొదట అడ్డుచెక్కని పాత గాటు దగ్గరే పెట్టాడు. నేను కళ్ళారా చూశాను. ఫ్రోదె పిడికిలంత మందం. తరవాత తలెత్తి చూశాడు. యాభై జతల కళ్ళు. అతని చెయ్యి తనంతట తనే అడ్డుచెక్కని ఒక గాటు లోపలికి జరిపింది. మళ్ళీ ఒక గాటు. కేకు ముందు కూర్చున్న మనిషైపోయాడు. ఇంకో మూడు గాట్లు జరిపి తీగ దించాడు.

"నాకిది చాలు," అన్నాడు. "ఇది చాలా ఎక్కువ నాకు."

తరవాత అతని భార్య ఎల్నా వచ్చింది. మొగుడి కంటే పెద్దది కోస్తే ఏమనుకుంటారోనని ఇంకా పలచగా కోసింది. ఆవిడ వెనక చర్చి పెద్దమనిషి. "మేం ఇంట్లో ఇద్దరమే," అని సంజాయిషీ చెప్పుకుంటూ రొట్టె మీద వేసే చీజ్ అంత ముక్క కోశాడు. ఒకరి వెనక ఒకరు, పచ్చ గ్లౌజు చేతులు మార్చుకుంటూ, తలలు దించుకుని. కొట్లో పాపం అన్న ఆడమనిషి కోసిన ముక్కలోంచి దీపం వెలుగు కనబడుతోంది. అందరూ ఎదుటివాడి ముక్కనే చూసుకున్నారు.

అప్పుడు బోదిల్ ఏప్రన్ జేబులోంచి తన సబ్బు తీసింది. అందరూ నవ్విన సబ్బు. టోర్కిల్ ముందున్న అతని ముక్క పక్కన పెట్టింది. వాళ్ళు నవ్విన సబ్బే పెద్దది.

"మీ న్యాయం ఇంతేనా?" అంది. "నేను ఇస్తున్న దాంట్లో సగం కూడా లేదు. పైగా ఇది ఆరడానికి ఆరు వారాలు పడుతుంది, అప్పటికి ఇంకా చిక్కిపోతుంది. ఎవరూ చూడని చోట బల్ల అడుగునుంచి పెద్దది లాగుతారు. నలుగురూ చూస్తుంటే చిన్నది చాలంటారు. ఇందులో ఏది మీ మొహం? నా మీద నవ్వినప్పుడు ఏ మొహంతో నవ్వారు?"

ఎల్నా చేతిలోని ముక్కని రుమాలు కింద దాచింది. నాకైతే బల్లెక్కి కేకలు పెట్టాలనిపించింది. జవాబు చెప్పండ్రా, ఒక్కడికైనా నోరుంటే చెప్పండి అని. కానీ ఆ కోపం నాది కాదు, ఆవిడది. నోరు మూసుకున్నాను.

చివరి కుర్చీలోంచి ఫ్రోదె లేచి వచ్చాడు. ఇప్పుడతనికి వీపు కొంచెం వంగింది. నేను గ్లౌజు ఇవ్వబోతే తోసేశాడు. "ఈ చేతుల్ని సోడా ఏం చేస్తుంది," అన్నాడు. దిమ్మ పక్కన తన పిడికిలి ఆనించి చూసుకున్నాడు. అడ్డుచెక్కని ఆ చివరి గాటు దాకా లాగి, తీగ దించాడు. జేబులోంచి రెండు బిళ్ళలు తీసి టకటకా బల్ల మీద పెట్టాడు.

"ఇన్నేళ్ళూ ఒకటే వేశాను. నువ్వేమీ అనలేదు," అన్నాడు.

"నువ్వూ అడగలేదు," అంది బోదిల్. అతని మీద కూడా కోపంగానే అంది. మంచి పని చేసింది. అతన్ని అక్కడ పూలు చల్లి ఊరేగించాల్సిన పనేం లేదు.

"అడగలేదు," అని ఒప్పుకుని వెళ్ళి కూర్చున్నాడు.

నేను కాఫీ కెటిల్ నింపుకురావడానికి లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మిగిలిన దిమ్మ మీద జనం మూగి ఉన్నారు. ఏం మాట్లాడాలో తెలియక, చేతులకేదో పని కావాలిగా, దాన్ని సగం కోశారు, ఆ సగాన్ని సగం కోశారు. ఆఖరికి పళ్ళెంలో గోరంత సబ్బు మిగిలింది. దాన్ని ఎవరూ తీసుకోలేదు. చెబితే నమ్మరు, సబ్బుకి కూడా అదే మర్యాద! ఆ రాత్రి ఆ పళ్ళెం కడుగుతుంటే మాత్రం నురగ బాగా వచ్చింది.

మర్నాడు బోదిల్ రేకుని మళ్ళీ బిగించింది. వాళ్ళు కోసిన కొలత రేపట్నుంచి నా కొలత అంది గానీ ఆ మాట నిలబెట్టుకోలేదు, ఆ ఒక్క అబద్ధానికి నేను ఆమెని ముద్దు పెట్టుకున్నాను. అటక మీద ఆరుతున్న పలచటి సబ్బుల్ని ముక్కలు చేసి, కరిగించి, మళ్ళీ పోసింది. అడ్డుచెక్క ఫ్రోదె గాటులో పెట్టి, అది ఇక కదలకుండా మేకు కొట్టేసింది. బోర్డు మీద ఇరవై కొట్టేసి నలభై రాసింది, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్దగా. డబ్బా తీసి లోపల పెట్టేసింది. దాని చోట తనే ఒక స్టూలు వేసుకుని కూర్చుంది, అల్లిక పట్టుకుని.

మొదట్లో ఎవరూ రాలేదు. మనిషి కూర్చున్న బల్ల దగ్గరికి రావాలంటే మా వాళ్ళకి పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు. ఫ్రోదె వచ్చాడు. పడవ దిగిన టూరిస్టులు వచ్చారు. నేను రోజూ కిటికీలోంచి చూస్తూ, దాటిపోయే ప్రతి కారునీ తిట్టుకున్నాను. ఆ బల్ల మళ్ళీ మూతపడుతుందేమోనని నాకు గుబులుగానే ఉండేది. బోదిల్ మాత్రం అల్లుకుంటూ కూర్చుంది.

జూన్‌లో ఒక పట్టపగలు టోర్కిల్ ట్రాక్టరు బల్ల ముందు ఆగింది. నేను కిటికీ తలుపు బార్లా తీశాను, దాపరికం ఎందుకు?

"మొన్నటి విందులో కలిసినందుకు థాంక్స్," అంది బోదిల్. విందులో కలిసినవాళ్ళు మళ్ళీ ఎదురుపడితే మా దీవిలో తప్పకుండా అనాల్సిన మాట అది. ఎవరూ దాన్ని అంత చల్లగా అనడం నేనెప్పుడూ వినలేదు.

"నీకూ థాంక్స్," అని టోర్కిల్ జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. విప్పితే ఆ రోజు తను కోసుకున్న ముక్క. ఆరు వారాలు ఆరి, ఒంకర తిరిగి, ఎండిన ఆకులా ఉంది. "ఇది... ఆరాక ఇలా అయింది."

"చెప్పాగా, చిక్కిపోతుందని. నువ్వే కోసుకున్నావు."

"అవుననుకో. చేతులకి మట్టి వదలట్లేదు దీంతో. అంటే, కొంచెం... ఏదైనా ఉంటే..."

"ఏదైనా అంటే? ఏం కావాలి టోర్కిల్?"

"సబ్బు."

"ఎంతది?"

అతను రోడ్డుకి అటు చూశాడు, ఇటు చూశాడు. నా కిటికీ చూశాడు. చెయ్యి ఊపాను.

"పెద్దది," అన్నాడు గొణుగుతూ.

"డెయిరీ మిషన్ల మోతకి నా చెవులు దెబ్బతిన్నాయి. గట్టిగా చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదు."

"పెద్దది కావాలి బోదిల్!" అన్నాడు. అతని మొహం బీట్‌రూట్ దుంపలా అయింది. అంత పెద్ద రైతు, జీవితంలో మొదటిసారి నాకు పెద్దది కావాలని నోరు తెరిచాడు.

బోదిల్ ఒక సబ్బు తీసి అతని చేతిలో పెట్టింది. అతను రెండు బిళ్ళలు ఇచ్చి ట్రాక్టరు వైపు తిరిగాడు.

"ఆగు," అంది. "హోటల్ సబ్బు అన్నది ఎక్కడ? నా వంటింట్లో అనలేదు కదా. కొట్లో కాఫీ దగ్గర అన్నావు. ఇవాళ్టి మాట కూడా అక్కడే చెప్పు. అప్పుడు నాకు సరిపోతుంది."

టోర్కిల్ ట్రాక్టరు ఎక్కి పోయాడు. పో, నీ మొహం, అని నేను కిటికీ ధడాలున మూశాను.

మర్నాడు పొద్దున రొట్టె కోసం కొట్టుకి వెళ్ళాను. కాఫీ దగ్గర ఎప్పటి నలుగురూ ఉన్నారు. కౌంటర్ మీద ఫ్రోదె పిడికిలంత సబ్బు, దాని పక్కన ఎండిన ఆకులాంటి ముక్క.

"ఈ పెద్దది బోదిల్‌ది," అంటున్నాడు టోర్కిల్, కప్పులోకి చూడకుండా, అందరి మొహాలూ చూస్తూ. "ఈ చిన్నది నేను కోసింది. ఇరవై క్రోనర్లకి."

ఈసారి ఎవరూ నవ్వలేదు, నేను తప్ప.